గుఱ్ఱమునకు నయమైనదని ఎట్లు తెలుసుకోవలెను?
గొంతు, కీళ్ళ శస్త్రచికిత్సలపై జరిగిన పరిశోధనల విమర్శ

శస్త్రచికిత్స జరిగిన తరువాత వైద్యుడు రోగిని అడిగే మొదటి ప్రశ్న, "ఇప్పుడెట్లా ఉన్నది?" అని. నొప్పి తగ్గినదా, ఊపిరి సులువుగా ఆడుతున్నదా, మెట్లెక్కగలుగుతున్నాడా అనే సంగతులను మనిషి తానే చెప్పుకొంటాడు. పశువైద్యునికి ఈ సౌకర్యము లేదు. గుఱ్ఱము తరఫున మాట్లాడేవారు ముగ్గురు: యజమాని, శిక్షకుడు, శస్త్రవైద్యుడు. చికిత్స జరిగినదని ఈ ముగ్గురికీ తెలుసు. అది ఫలించవలెననే కోరిక కూడా ముగ్గురికీ ఉంటుంది. ఇటువంటి సాక్షుల మాటమీద నిలిచిన శాస్త్రము ఎంతవరకు నమ్మదగినది?

ఈ ప్రశ్నను ఎదుట పెట్టుకొని, పందెపు గుఱ్ఱములకు చేసే రెండు రకముల శస్త్రచికిత్సలను గూర్చి జరిగిన పరిశోధనలను పరిశీలింతము. ఒకటి గొంతుకు, రెండవది కీలుకు సంబంధించినది. వీనిని గూర్చి శ్రద్ధతో, ఓర్పుతో చేసిన పని ఎంతో ఉన్నది. ఆ పనిని తక్కువ చేయుట ఇక్కడి ఉద్దేశము కాదు. ఏ కొలబద్దతో కొలిచి "ఫలించినది" అన్నారో తెలియకుండా ఆ మాటను అంగీకరించరాదనుటయే మన వాదము.

గొంతులోని రెండు తలుపులు

గుఱ్ఱము నోటితో గాలి పీల్చలేదు. దాని మృదుతాలువు ఉపజిహ్విక క్రింద గట్టిగా అమరి ఉండుటచేత నోటికి, శ్వాసనాళమునకు మధ్య దారి మూసుకొని ఉంటుంది. గాలి అంతా ముక్కుగుండానే పోవలెను. విశ్రాంతిగా నిలబడిన గుఱ్ఱము ఒక్కొక్క ఊపిరికి సుమారు 5 లీటర్ల గాలిని, నిమిషమునకు సుమారు 12 సార్లు పీలుస్తుంది. అనగా నిమిషమునకు 60 లీటర్లు. దౌడు తీసేటప్పుడు అంగకొక ఊపిరి చొప్పున నిమిషమునకు 120 సార్లకు పైగా, సారికి 12 లీటర్లకు పైగా పీలుస్తుంది. నిమిషమునకు 1,400 లీటర్లు దాటుతుంది. విద్యార్థులు భాగించి చూస్తే, ఇది విశ్రాంతి సమయపు గాలికి ఇరువది రెట్లకు మించినదని తెలుస్తుంది. ఒక్కొక్క ఊపిరి పీల్చుటకు దొరికే వ్యవధి సుమారు పావు సెకను మాత్రమే.

ఈ గాలి స్వరపేటికగుండా పోవలెను. అక్కడ అరిటినాయిడ్ అనే మృదులాస్థులు రెండు, జంట తలుపులవలె కుడి యెడమల ఉన్నవి. ఊపిరి పీల్చేటప్పుడు ఇవి తెరచుకొంటవి. మేత మ్రింగేటప్పుడు మూసుకొని, మేత శ్వాసనాళములో పడకుండా కాపాడుతవి. కనుక ఈ తలుపులకు ఉద్యోగములు రెండు: గాలికి దారి యిచ్చుట, మేతకు దారి మూయుట. ముందు చెప్పబోయే చిక్కులన్నిటికీ మూలము ఇదే.

తలుపును తెరిచే కండరమునకు ఆజ్ఞ తెచ్చే నాడి మెదడునుండి తిన్నగా గొంతుకు రాదు. ఎడమవైపు నాడి మెడ పొడవునా దిగి, ఛాతీలో గుండె దగ్గర మహాధమనిని చుట్టి, మరల మెడ పొడవునా పైకి వచ్చి స్వరపేటికను చేరుతుంది. కుడి నాడి అంత లోతుకు దిగకుండానే వెనుకకు తిరుగుతుంది. చేపలవంటి మన పూర్వజీవులలో మొప్పల రక్తనాళము వెనుకగా సూటిగా పోయిన నాడియే, మెడ సాగి గుండె క్రిందికి జరిగిన జంతువులలో ఇట్లు చుట్టుదారి పట్టినది. పెద్ద గుఱ్ఱములో ఈ ఎడమ నాడి పొడవు రెండు మీటర్లకు మించుతుంది.

ఇంత పొడవైన నాడీతంతువులు కొన్ని గుఱ్ఱములలో కొననుండి మొదటి వైపునకు క్రమముగా క్షీణిస్తవి. అప్పుడు ఎడమ తలుపును తెరిచే కండరము కృశించి, తలుపు వ్రేలాడుతుంది. వేగముగా పోయే గాలిలో పీడనము తగ్గుతుందని భౌతికశాస్త్రములో చదువుకొంటాము. గాలి వేగముగా లోపలికి దూసుకుపోయే కొద్దీ పట్టు లేని ఎడమ తలుపు దారిలోనికే లాగబడుతుంది. గుఱ్ఱము ఎంత గట్టిగా పీలిస్తే దారి అంత ఇరుకవుతుంది. ఆ యిరుకులో గాలి మ్రోగుతుంది. ఆ మ్రోతనుబట్టి ఇంగ్లీషు గుఱ్ఱపువారు ఈ వ్యాధికి "రోరింగు" అని పేరు పెట్టినారు.

చెవి చెప్పిన తీర్పు

ఈ వ్యాధికి శస్త్రచికిత్స చేయవచ్చునని 19వ శతాబ్ది మధ్యకాలములో జర్మనీలోని హానోవర్ పశువైద్య పాఠశాలలో గుంథర్ తండ్రీకొడుకులు ప్రయత్నములు చేసినారు. 20వ శతాబ్ది మొదటి దశకములో అమెరికాలోని కార్నెల్‌లో విలియమ్స్ ఆ పద్ధతిని పునరుద్ధరించినాడు. దానిని బ్రిటన్‌లో ప్రచారములోనికి తెచ్చినవాడు ఫ్రెడరిక్ హాబ్డే. ఆయన తరువాత లండనులోని రాయల్ వెటరినరీ కళాశాలకు అధిపతియైనాడు. శస్త్రచికిత్స చేసిన గుఱ్ఱమును ఇంగ్లీషులో "హాబ్డే చేసిన గుఱ్ఱము" అనేటంతగా ఆయన పేరు వాడుకలో స్థిరపడినది.

పద్ధతి ఇది: స్వరతంత్రి ప్రక్కన ఉండే చిన్న సంచివంటి గుంట లోపలి పొరను ఒలిచివేస్తారు. గాయము మానేటప్పుడు ఏర్పడే మచ్చ తలుపును ప్రక్కకు అంటించి ఉంచుతుందని ఆశ. ఆలోచన సమంజసముగానే ఉన్నది. అయితే అది నిజముగా జరుగుతున్నదా లేదా అని పరీక్షించిన సాధనము వైద్యుని చెవి. గుఱ్ఱమును పరుగెత్తించి వినేవారు. మ్రోత తగ్గితే నయమైనదనేవారు.

1970లో అమెరికాలో డేవిడ్ మార్క్స్, మాథ్యూ మాకే-స్మిత్ మొదలైనవారు వేరొక పద్ధతిని ప్రకటించినారు. పనిచేయని కండరమునకు బదులు గట్టి దారమును వేసి, ఎడమ తలుపును శాశ్వతముగా తెరచి ఉండేటట్లు వెనుకకు లాగి కట్టుట ఇందులోని విశేషము. నేటికిని ఈ వ్యాధికి ఎక్కువగా చేసే శస్త్రచికిత్సలలో ఇది ఒకటి.

రెండు పద్ధతులలో ఏది మేలు? చెవితో తేలే ప్రశ్న కాదిది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయములో డెర్క్‌సెన్, రాబిన్సన్, స్టిక్ మొదలైనవారు 1980 తరువాతి దశాబ్దములో దీనిని వేరు మార్గమున పట్టుకొన్నారు. గుఱ్ఱమును కదిలే పట్టామీద పరుగెత్తించి, ముక్కునుండి పోయే గాలి ప్రవాహమును, శ్వాసనాళములోని పీడనమును యంత్రములతో కొలిచినారు. ఎడమ నాడిని పనిచేయకుండా చేసిన తరువాత, చికిత్సకు ముందొకసారి, చికిత్స తరువాత ఒకసారి కొలిచి పోల్చినారు. 1988లో వెలువడిన వారి ఫలితము స్పష్టమైనది: సంచి పొరను ఒలిచినంత మాత్రాన పరుగెత్తే గుఱ్ఱమునకు గాలి అడ్డు తగ్గలేదు. తలుపును కట్టివేసినప్పుడు తగ్గినది.

ఇంతటితో కథ ముగియలేదు. అదే బృందము 2003, 2004 సంవత్సరములలో మ్రోతను కూడ యంత్రముతో కొలిచినది. స్వరతంత్రిని, సంచి పొరను కలిపి తీసివేసినప్పుడు మ్రోత బాగా తగ్గినది గాని, గాలిదారి పూర్తిగా మొదటి స్థితికి రాలేదు. తలుపును కట్టినప్పుడు గాలిదారి మెరుగైనది గాని, మ్రోత అంత బాగా తగ్గలేదు. అనగా మ్రోత వేరు, గాలి అడ్డు వేరు. ఒకదానిని విని రెండవదానిని గూర్చి తీర్పు చెప్పరాదు. దాదాపు ఎనుబది సంవత్సరముల కాలము చెవిని నమ్మిన వైద్యులు అబద్ధము చెప్పలేదు. వారు విన్నది నిజమే. విన్నదానికి చెప్పిన అర్థము తప్పు.

ఈ పరిశోధన వరుసను విజ్ఞానశాస్త్ర పద్ధతికి మంచి ఉదాహరణగా తరగతిలో చెప్పవచ్చును. లోపములు ఇందులోనూ ఉన్నవి. పరీక్షింపబడిన గుఱ్ఱములు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని. వానికి వ్యాధి సహజముగా వచ్చినది కాదు, మనుష్యులు కలిగించినది. సహజ వ్యాధిలో కండరము సంవత్సరముల తరబడి మెల్లగా చెడుతుంది, కొంత బలము మిగిలియుండవచ్చును. నాడిని ఒక్కసారిగా తెగగొట్టిన గుఱ్ఱము దానికి సరియైన ప్రతిరూపము కాదు. ఒక ఆరోగ్యవంతమైన జంతువును రోగిని చేసి నేర్చుకొన్న సంగతి కనుక, ఆ నేర్చుకొన్నదానిని వృథాపోనీయకుండుట తరువాతివారి బాధ్యత.

తెరచిన తలుపుకు చెల్లించే మూల్యము

శాశ్వతముగా తెరచి ఉన్న తలుపు గాలికి మంచిదే. మేతకు? 2003లో ఎడింబరోలో డిక్సన్ మొదలైనవారు ఈ శస్త్రచికిత్స జరిగిన 200 గుఱ్ఱములను గూర్చి రెండు భాగములుగా నివేదిక ప్రకటించినారు. మొదటి భాగములో వైద్యులు అంతర్దర్శినితో చూచిన సంగతులు, కలిగిన చిక్కులు ఉన్నవి. రెండవ భాగములో యజమానుల అభిప్రాయములు ఉన్నవి. మొదటి భాగము ప్రకారము, బిగించి కట్టిన తలుపు తరువాతి వారములలో కొంత సడలినది. నూటికి 40కి పైగా గుఱ్ఱములకు ఏదో ఒక దశలో దగ్గు వచ్చినది. రెండవ భాగము ప్రకారము, నూటికి 80కి పైగా యజమానులు చికిత్స చేయించుట మంచిదే అయినదన్నారు.

ఈ రెండు సంఖ్యలు ఒకే మందకు చెందినవి. ఏ ఒక్కటి ప్రకటించినా అది అబద్ధము కాదు, పూర్తి నిజమూ కాదు. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టుటయే ఈ నివేదికలోని నిజాయితీ. దగ్గేది గుఱ్ఱము, సంతృప్తి పడేది యజమాని అని ఇక్కడ గుర్తుంచుకోవలెను.

తలుపు రెండు ఉద్యోగములను గుర్తించిన ప్రయత్నము ఒకటి ఇటీవల వచ్చినది. ఫ్రాన్సులో ఫాబ్రిస్ రోసిన్యోల్ మొదలైనవారు మెడలోని మొదటి లేక రెండవ వెన్నునాడి శాఖను తెచ్చి చచ్చుబడిన కండరములో నాటే పద్ధతిని 2018లో వివరించినారు. ఆ నాడి గుఱ్ఱము గట్టిగా పరుగెత్తేటప్పుడు పనిచేసే స్వభావము గలది. కనుక తలుపు దౌడులో తెరచుకొని, మేత వేళ అడ్డుపడకుండా ఉండవచ్చునని ఆశ. దీనిని కూడ పై కొలబద్దలన్నిటితో కొలిచి చూడవలెను.

పందెమే పరీక్ష అయినప్పుడు

పందెపు గుఱ్ఱమును పందెములోనే పరీక్షింపవలెను గదా అని కొందరంటారు. అందుకే గొంతు చికిత్సలను గూర్చిన నివేదికలు అనేకము పందెపు పట్టికలమీద ఆధారపడినవి. చికిత్స తరువాత ఎన్ని గుఱ్ఱములు మరల పరుగెత్తినవి, ఎంత బహుమతి ధనము గెలుచుకొన్నవి అని లెక్క వేస్తారు. అమెరికాలో తలుపు కట్టిన 230 పందెపు గుఱ్ఱములను గూర్చి 1997లో వెలువడిన నివేదికలో, మనుష్యుల అభిప్రాయమును అడిగితే పదింట ఏడు గుఱ్ఱములు మెరుగుపడినట్లు తేలినది. పందెపు ఫలితములనుండి కట్టిన సూచిక ప్రకారము చూస్తే మెరుగుపడినవి సగముకంటె కొంచెము ఎక్కువ మాత్రమే. గుఱ్ఱములను చూచే కన్ను మారినప్పుడు ఫలితమూ మారినది.

పందెపు పట్టికలో ఇంకొక మోసము దాగియున్నది. గుఱ్ఱమును శస్త్రవైద్యుని వద్దకు ఎప్పుడు తీసుకొనిపోతారు? వరుసగా నాలుగు పందెములు ఓడినప్పుడు. ఏ ఆటగాని ఆట అయినా కొంతకాలము ఎగుడుగా, కొంతకాలము దిగుడుగా ఉంటుంది. బాగా దిగిన సమయములో పట్టుకొంటే, ఏమీ చేయకపోయినా తరువాతి కాలము కొంత మెరుగ్గా ఉండుట సహజము. గణితశాస్త్రములో దీనిని సగటుకు మరలుట అంటారు. అర్ధసంవత్సర పరీక్షలో అందరికంటె తక్కువ మార్కులు వచ్చిన పదిమందికి ఒక తాయెత్తు కట్టి చూడండి. తరువాతి పరీక్షలో వారిలో చాలమందికి మార్కులు పెరుగుతవి. తాయెత్తు కట్టకపోయినా పెరిగేవే. చికిత్సకు ముందు, తరువాత అని మాత్రమే పోల్చిన పరిశోధన, చికిత్సను తాయెత్తునుండి వేరు చేయలేదు.

దీనికి మందు పోలిక మంద. మృదుతాలువు పరుగులో పైకి లేచి గాలిని అడ్డుకొనే మరొక గొంతు వ్యాధికి, స్వరపేటికను ముందుకు లాగి కట్టే చికిత్సను కార్నెల్‌లో డ్యూషార్మ్ మొదలైనవారు రూపొందించినారు. 2008లో ఆ బృందములోని చీతమ్ మొదలైనవారు చికిత్స జరిగిన గుఱ్ఱములను, చికిత్స జరుగని గుఱ్ఱములతో జత కలిపి పోల్చి చూచినారు. చికిత్స పొందినవి తమ జతగాండ్ర స్థాయికి చేరుకొన్నవని తేల్చినారు. జత కలిపినంత మాత్రాన సందేహము పూర్తిగా తీరదు. ఏ గుఱ్ఱమునకు చికిత్స చేయవలెనో నిర్ణయించినది చీటి కాదు, మనిషి. అయినను ముందు-తరువాత లెక్కకంటె ఇది ఎన్నో మెట్లు పైన ఉన్నది. ఇదే వ్యాధికి చేసే చికిత్సలన్నిటిని గూర్చి 2012లో ఆలెన్ మొదలైనవారు ప్రకటించిన సమగ్ర సమీక్ష, ఉన్న సాక్ష్యము బలహీనమైనదని, ఒక చికిత్స మరొకదానికంటె మేలని చెప్పుటకు చాలదని తేల్చినది. అన్నేండ్లుగా చేస్తున్న చికిత్సలను గూర్చి అంత తగ్గి మాట్లాడుటకు ధైర్యము కావలెను.

కీలులోని ఎముక పెచ్చు

ఇక రెండవ భాగము. గుఱ్ఱము ముందుకాలికి మధ్య కనిపించే మోకాలు నిజమునకు మోకాలు కాదు. అది మన మణికట్టుకు సమానమైన కీలు. చిన్న చిన్న ఎముకలు రెండు వరుసలలో పేర్చినట్లుంటవి. దౌడులో శరీరపు బరువంతా క్షణకాలము ఒక్క కాలుమీద పడినప్పుడు, ఈ ఎముకల అంచులనుండి పెచ్చులు లేస్తవి. పెచ్చు కీలులో రాచుకొని, ఎముకలను కప్పిన మృదులాస్థిని గీరుతుంది. మృదులాస్థికి రక్తనాళములు లేవు, నాడులు లేవు. అందుచేత అది చెడేటప్పుడు తొలుత నొప్పి తెలియదు. చెడిన తరువాత సరిగా మానదు.

పూర్వము పెచ్చును తీయవలెనంటే కీలును కోసి తెరువవలసివచ్చేది. జపానులో కెంజి టకాగి 1918లో మనిషి మోకాలిలోనికి గొట్టపు దుర్భిణిని పంపి చూచుటతో వేరు దారి మొదలైనది. దానిని గుఱ్ఱములకు అన్వయించి, శాస్త్రముగా స్థిరపరచినవారిలో అగ్రగణ్యుడు న్యూజిలాండ్‌లో పుట్టి అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయములో పనిచేసిన వేన్ మెక్‌ఇల్‌రైత్. ఆయన గ్రంథము మొదటి కూర్పు 1984లో వెలువడినది. రెండు చిన్న రంధ్రములు చాలు. ఒకదానిలో దుర్భిణి, ఒకదానిలో పట్టకారు. కోత తగ్గినది, గాయము త్వరగా మానినది, కీలులోపలి స్థితిని కన్నులార చూచే అవకాశము కలిగినది. ఈ లాభములను ఎవరును కాదనలేరు.

1987లో మెక్‌ఇల్‌రైత్, యోవిచ్, మార్టిన్ ప్రకటించిన నివేదిక ఈ రంగములో మైలురాయి. 591 గుఱ్ఱములు, 1,000 కీళ్ళు. తరువాతి వృత్తాంతము తెలిసిన పందెపు గుఱ్ఱములు 445. వానిలో 303, అనగా నూటికి 68, పూర్వపు స్థాయిలోనో అంతకు మించియో పరుగెత్తినవి. మృదులాస్థి కొద్దిగా చెడిన గుఱ్ఱములలో ఈ నిష్పత్తి నూటికి 70కి పైగా, బాగా చెడినవానిలో 53, 54 మాత్రమే.

ఈ లెక్కను విద్యార్థులు కొంచెము పరిశీలించవలెను. 591లో 445 పోగా మిగిలినవి 146. ఏ కారణముచేతనైనను అవి ఈ నిష్పత్తిలో చేరలేదు. అభ్యాసము కోసము అవన్నీ విఫలమైనవే అనుకొంటే, ఫలించినవి 591లో 303, అనగా నూటికి 51. అవన్నీ ఫలించినవే అనుకొంటే 449, అనగా నూటికి 76. నిజము ఈ రెండింటి మధ్య ఎక్కడనో ఉండవలెను. ఒక్క సంఖ్యగా వినిపించే 68 వెనుక ఇంత వెడల్పు ఉన్నది.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి. కీలు తక్కువగా చెడిన గుఱ్ఱములు ఎక్కువగా కోలుకొన్నవనే సంగతి వ్యాధిని గూర్చి చెబుతుంది. చికిత్సను గూర్చి చెప్పదు. పెచ్చును తీయకుండా అన్ని నెలలూ విశ్రాంతి మాత్రమే ఇచ్చిన గుఱ్ఱములు నూటికి ఎన్ని కోలుకొనేవి? పోలిక మంద లేనప్పుడు ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. కీలులో పెద్ద పెచ్చు ఆడుతున్నప్పుడు దానిని తీసివేయుట మంచిదని సామాన్య జ్ఞానము చెబుతుంది. ఆ సామాన్య జ్ఞానము నిజమే కావచ్చును. అయితే గొంతులోని సంచి పొరను ఒలిచినప్పుడు కూడ సామాన్య జ్ఞానమే మాట్లాడినది.

మనుష్యుల మోకాలు నేర్పిన పాఠము

2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మోస్లీ మొదలైనవారు ప్రకటించిన ప్రయోగమును ఇక్కడ తలచుకోవలెను. మోకాలి కీలు అరిగి బాధపడుతున్న 180 మందిని చీట్లు వేసినట్లు మూడు గుంపులుగా విభజించినారు. ఒక గుంపువారి కీలును దుర్భిణితో చూచి గీకి శుభ్రము చేసినారు. రెండవ గుంపువారి కీలును ద్రవముతో కడిగినారు. మూడవ గుంపువారికి చర్మముమీద కోతలు మాత్రము పెట్టి కుట్టివేసినారు. ఎవరు ఏ గుంపులో ఉన్నదీ రోగులకు తెలియదు. రెండు సంవత్సరములు గమనించగా, నిజమైన చికిత్స ఉత్తుత్తి చికిత్సకంటె మెరుగైనదిగా తేలలేదు.

ఇది అరిగిన మోకాలికి సంబంధించిన ప్రయోగము. పరుగులో పెచ్చు లేచిన పడుచు గుఱ్ఱమునకు ఈ ఫలితమును తిన్నగా అంటగట్టుట న్యాయము కాదు. దానినుండి తీసుకోవలసినది పద్ధతి. గుఱ్ఱమునకు తనకు చికిత్స జరిగినదో లేదో తెలియదు కనుక భ్రమ కలుగదని కొందరంటారు. కాని భ్రమ చూచేవానికి కలుగుతుంది. నాడికి మత్తుసూది వేసిన సంగతి ముందే తెలిసిన పరిశీలకుని తీర్పు ఆ తెలివిచేత ఒక ప్రక్కకు మొగ్గుతుందని 2006లో బ్రిటన్‌లో జరిగిన పరిశీలన చూపినది. అమెరికాలో కీగన్ మొదలైనవారు 2010లో ప్రకటించిన పరిశీలనలో, కుంటు కొద్దిగా ఉన్నప్పుడు, కాలు కుంటుతున్నదా లేదా అనే విషయములో అనుభవజ్ఞులైన వైద్యులు కూడ నూటికి 62 సార్లు మాత్రమే ఏకీభవించినారు. ఇద్దరు కన్నులు మూసికొని నాణెము ఎగురవేసినా నూటికి 50 సార్లు ఏకీభవిస్తారు. కుంటు స్పష్టముగా ఉన్నప్పుడు వైద్యుల ఏకాభిప్రాయము నూటికి 90 దాటినది. చిక్కంతా తేలిక కుంటులోనే. చికిత్స తరువాత "కొంచెము మెరుగు" అనే తీర్పు సాధారణముగా ఈ తేలిక కుంటును గూర్చినదే.

పందెములో పరుగెత్తినంత మాత్రాన నొప్పి లేనట్లూ కాదు. గుఱ్ఱము మంద జంతువు. నొప్పిని దాచుకొని తోటివానితో పరుగెత్తుట దాని స్వభావము. బహుమతి ధనము దాని నొప్పికి కొలత కానేరదు.

ఏమి చేయవలెను?

గుఱ్ఱములకు కూడ ఉత్తుత్తి శస్త్రచికిత్స చేసి చూడవలెనని ఎవరైనా అనవచ్చును. ఇది సరికాదు. గుఱ్ఱమును మత్తులో పడుకోబెట్టుటయే ప్రమాదము. 2002లో వెలువడిన, 40,000కు పైగా గుఱ్ఱములను లెక్కించిన పెద్ద పరిశీలనలో, కడుపునొప్పి శస్త్రచికిత్సలను మినహాయించినను, మత్తు ఇచ్చిన గుఱ్ఱములలో నూటికి దాదాపు ఒకటి వారము దినములలోగా మరణించినది. మనిషి తాను ఒప్పుకొని ఆ ప్రమాదమునకు సిద్ధపడగలడు. గుఱ్ఱము ఒప్పుకోలేదు.

సాధ్యమైన మార్గములు వేరే ఉన్నవి. ఏ చికిత్స మేలో వైద్యులకే సందేహము ఉన్నచోట, చికిత్సకు, విశ్రాంతికి మధ్య చీటి వేసి నిర్ణయించవచ్చును. తరువాత పరీక్షించే వైద్యునికి ఏ గుఱ్ఱమునకు ఏది జరిగినదో చెప్పకుండా ఉంచవచ్చును. కుంటును కంటితోపాటు యంత్రముతోను కొలువవచ్చును. గొంతును నిలబడియున్నప్పుడేగాక దౌడులోను అంతర్దర్శినితో చూడవచ్చును. వృత్తాంతము తెలియని గుఱ్ఱములు ఎన్నియో సంఖ్య ప్రక్కనే ప్రకటించవచ్చును. ఇవేవీ అసాధ్యములు కావు. గొంతు పరిశోధకులు వీనిలో కొన్నింటిని చేసి చూపినారు. కీలు పరిశోధనలో పెచ్చు తీసిన గుఱ్ఱములను గూర్చిన ప్రముఖ నివేదికలు ఎక్కువగా ఆసుపత్రి పుస్తకములనుండి వెనుకకు చూచి కూర్చినవే.

ఈ సంగతులలో ఇంకొక బాధ్యత ఇమిడియున్నది. థరోబ్రెడ్ జాతిలో శరీరపు పెరుగుదలకు, ఈ గొంతు వ్యాధికి జన్యుసంబంధము ఉన్నదని 2014లో ప్రకటించిన పరిశోధన చూపినది. పొడవైన, వేగముగల గుఱ్ఱములను ఏరి పెంచినది మనుష్యులే. అనగా వ్యాధిని కూడ కొంతవరకు మనమే ఏరి పెంచినాము. శస్త్రచికిత్స ఒక గుఱ్ఱపు గొంతును సరిచేయగలదు. దాని పిల్లల గొంతును సరిచేయదు. చికిత్సతో గెలిచిన గుఱ్ఱము గొప్ప జాతిగుఱ్ఱముగా పేరు పొంది సంతతిని పెంచితే, ఒక తరములో దాచిన లోపము మరొక తరములో బయటపడుతుంది. చికిత్స ఫలించినదా అనే ప్రశ్నలో ఈ లెక్కను కూడ చేర్చవలెను.

ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను తరగతిలో చెప్పేటప్పుడు నాలుగు ప్రశ్నలను నల్లబల్లమీద వ్రాయవచ్చును. ఏమి కొలిచినారు? ఎవరు కొలిచినారు? దేనితో పోల్చినారు? లెక్కలో చేరనివి ఎన్ని? ఇవి గుఱ్ఱములకే పరిమితమైన ప్రశ్నలు కావు. పత్రికలో కనిపించే మందు ప్రకటనకు, పైరుకు వేసే కొత్త ఎరువుకు, నూటికి నూరు ఫలితములని చాటుకొనే ఏ సంస్థకైనా ఇవే ప్రశ్నలు వేయవచ్చును. రోగి నోరులేనిదైనప్పుడు వీనిని మరింత గట్టిగా అడుగవలెను. తన గొంతుకు, తన కాలికి ఏమి జరిగినదో గుఱ్ఱము చెప్పుకోలేదు కనుక, దాని తరఫున చెప్పే సంఖ్యలు సరిగా ఉండవలెను.